నిలబడి ఉండగా తీసిన ఫొటో

తొమ్మిది ఫొటోలు. వరుసకు మూడు చొప్పున మూడు వరుసలు. అన్నీ నలుపు తెలుపే. అన్నింట్లోనూ ఉన్నది ఒక్కటే... నీళ్ల ట్యాంకు! పక్కన మనిషి లేడు. చెట్టు నీడ లేదు. ఆకాశంలో మబ్బుతునక కూడా విడిగా కనబడదు. వెనకాల బూడిదరంగు తెర కట్టినట్టుంటుంది. దాని ముందు ట్యాంకు ఒక్కటే, పాస్‌పోర్టు ఫొటో దిగుతున్నట్టు నిటారుగా నిలబడి మనవైపే చూస్తుంటుంది.

‘ఇందులో చూడ్డానికేముంది?’ అంటారా? మన ఊళ్లో పంచాయతీ ఆఫీసు వెనకుండే ఓవర్‌హెడ్ ట్యాంకునే తీసుకోండి. దాని నీడలో బస్సు కోసం నిలబడి ఉంటాం. దాని మీద రాసిన ఎన్నికల నినాదాలు చదివి ఉంటాం. కొత్తవాళ్లకి దారి చెప్పాలంటే ‘ట్యాంకు దగ్గర ఎడమవైపు తిరగండి’ అని వందసార్లు చెప్పి ఉంటాం. కానీ దానికి స్తంభాలెన్ని అని ఎవరైనా అడిగితే..? ఠక్కున చెప్పగలిగేవాళ్లు ఊరికి ఒకరిద్దరుంటే గొప్ప. రోజూ కళ్లముందే ఉండేదాన్ని చూడ్డం అంత కష్టం మరి!

ఆ కష్టమైన పనినే జీవితమంతా చేశారు జర్మనీకి చెందిన ఓ దంపతులు. బెర్న్డ్ బెషర్, హిల్లా బెషర్. 1959లో మొదలుపెట్టి దాదాపు యాభై ఏళ్లపాటు నీళ్ల ట్యాంకులు, కూలింగ్ టవర్లు, బ్లాస్ట్ ఫర్నేసులు, బొగ్గు గనుల టవర్లు, గ్యాస్ ట్యాంకులు, సున్నపు బట్టీలు... వీటినే ఫొటోలు తీస్తూ ఊళ్లకు ఊళ్లు, దేశాలకు దేశాలు తిరిగారు. పెళ్లిళ్లు తియ్యలేదు. ప్రకృతి దృశ్యాలు తియ్యలేదు. సినిమా తారల్ని అసలే తియ్యలేదు.

వాళ్ల గురించి ఇప్పుడు రాయాలనిపించడానికి కారణం మా పెదనాన్న. ఆయన సంగతి తర్వాత చెబుతాను. ముందు ఈ జంట కథ.

గీస్తుండగానే కూల్చేశారు

బెర్న్డ్ 1931లో పశ్చిమ జర్మనీలోని జీగెన్‌లో పుట్టాడు. ఆ ప్రాంతం ఇనుప గనులకు, కొలుములకు పేరు. వీధి చివర చూస్తే పొగ గొట్టం, కొండవైపు చూస్తే గని టవరు. మన కోనసీమ పిల్లాడి కంటికి కొబ్బరిచెట్టు ఎలా ఆనుతుందో ఆ పిల్లాడి కంటికి అవి అలా ఆనేవి. పెద్దయ్యాక బొమ్మలు గీయడం నేర్చుకున్నాడు. అందరూ కొండలూ కోటలూ గీస్తుంటే ఇతను తన ఊరి గనుల్ని గీయడం మొదలుపెట్టాడు.

ఇతను గీస్తున్న కాలానికి ఆ గనులకు రోజులు దగ్గరపడ్డాయి. విదేశాల నుంచి ఖనిజం చవగ్గా వస్తోంది. స్థానిక గనులు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. ఐజెన్‌హార్టర్ టీఫ్‌బావ్ అనే గని దగ్గర కూర్చుని గీస్తుంటే ఇటు బొమ్మ పూర్తికాకముందే అటు కట్టడాన్ని విప్పేయడం మొదలుపెట్టారట. ప్రతి మేకూ ప్రతి దూలమూ గీయాలన్నది అతని పట్టుదల. చెయ్యేమో నిదానం. కూల్చేవాళ్లకి ఆ నిదానం లేదు. సరే, ముందు ఫొటోలు తీసిపెట్టుకుంటే తర్వాత ఇంట్లో కూర్చుని చూసి గీసుకోవచ్చు కదా అని కెమెరా పట్టాడు. తీరా చూస్తే తను గీయాలనుకున్నదంతా ఫొటోలోనే ఉంది! అలా కుంచె పక్కకు పోయింది.

హిల్లాది ఇంకో దారి. 1934లో పోట్స్‌డామ్‌లో పుట్టింది. అక్కడే ఓ స్టూడియోలో పని నేర్చుకుంది. పేరున్న రాజభవనం సాన్సూసి, దాని తోటలు, శిల్పాలు... అవే ఆమె పాఠాలు. ఏ కోణంలో నిలబడాలి, రాతి మీద వెలుగు ఎప్పుడు సమంగా పడుతుంది, ప్లేటు ఎలా కడగాలి అన్నీ పద్ధతిగా నేర్చుకుంది. 1954లో తూర్పు జర్మనీ వదిలి పశ్చిమానికి వచ్చింది. 1957లో డ్యూసెల్‌డార్ఫ్‌లోని ఓ ప్రకటనల ఏజెన్సీలో వీళ్లిద్దరూ కలిశారు. 1959 నుంచి జంటగా ఫొటోలు తీయడం, 1961లో పెళ్లి. అతనికి ఏం తీయాలో తెలుసు, ఆమెకు ఎలా తీయాలో తెలుసు. ఇంతకంటే ఈడైన జోడీ ఏముంటుంది!

ఇక్కడ నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. ‘ఈ ఫొటో మీలో ఎవరు తీశారు?’ అంటే వాళ్లు చెప్పేవాళ్లు కాదు. ప్రతి ఫొటో కిందా ఇద్దరి పేర్లూ ఉంటాయి. షట్టర్ నొక్కిన వేలు ఎవరిదన్నది వాళ్ల దృష్టిలో లెక్కలోకి వచ్చే విషయమే కాదు. వంటింట్లో పులుసు బాగుంటే ఉప్పు ఎవరు వేశారని వెతకం కదా!

మబ్బు పట్టాలి... వాన పడకూడదు

ఫొటోగ్రాఫర్లెవరైనా మంచి ఎండ కోసం చూస్తారు. సూర్యాస్తమయం కోసం కాచుక్కూర్చుంటారు. వీళ్లు మాత్రం ఎండ రాకూడదని కోరుకునేవాళ్లు! ఎండ వస్తే నీడలు పడతాయి. నీడలు పడితే కట్టడం సగం దాక్కుంటుంది, మిగతా సగం నాటకీయంగా మారుతుంది. వాళ్లకు నాటకం వద్దు. పలచటి మబ్బు కమ్మి వెలుగు అన్నివైపులా సమంగా పడాలి. అందుకే వసంతంలోనూ, ఆకులు రాలే కాలంలోనూ, అదీ తెల్లవారుజామున పని పెట్టుకునేవాళ్లు.

కెమెరా కూడా మెడలో వేసుకు తిరిగేది కాదు. మూడు కాళ్ల స్టాండు మీద బిగించి, నల్లగుడ్డ తల మీద కప్పుకుని చూసే పెద్ద కెమెరా. మన పాత స్టూడియోల్లో తాతలకాలం ఫొటోలు తీసినట్టే. ఒక్కో నెగెటివ్ పోస్టుకార్డు కన్నా పెద్దది. దాంతో ప్రతి రివెట్టూ, ప్రతి ఇటుకా స్పష్టంగా పడుతుంది. కింద నిలబడి పైకి తీస్తే టవరు వెనక్కి ఒరిగినట్టు కనబడుతుంది కాబట్టి నిచ్చెనలు వేసుకుని, పరంజాలు ఎక్కి, పక్కనున్న డాబా మీదికి చేరి దాని నడిమి ఎత్తుకు సమానంగా నిలబడేవాళ్లు. షట్టర్ తెరిచి సెకన్ల తరబడి ఆగేవాళ్లు. ఒక్క ఫొటోకి ఇంత తతంగం!

అన్నిటికన్నా కష్టం గేటు దాటడం. ‘మీ ఫ్యాక్టరీలో ఫొటోలు తీసుకుంటాం’ అంటే ఏ మేనేజరు రండి రండి అంటాడు? ఎందుకని అడిగితే ‘బాగుంటుంది కాబట్టి’ అనే జవాబును ఎవరు నమ్ముతారు? వాళ్లు వచ్చిన పని అవతలివాళ్లకి అర్థమయ్యేలా చెప్పడానికి ముందు తీసిన ఫొటోలే సాక్ష్యం. అవి చూపించి, ఒప్పించి లోపలికి వెళ్లేవాళ్లు. ఫోక్స్‌వ్యాగన్ వ్యానే ఇల్లు, అదే బండి. 1964లో పుట్టిన కొడుకు మాక్స్‌నీ వెంటబెట్టుకునే తిరిగారు. 1966లో బ్రిటిష్ కౌన్సిల్ ఇచ్చిన ఆర్థిక సాయంతో బ్రిటన్‌లో నెలల తరబడి బొగ్గు గనుల వెంట తిరిగారు. ఆ తర్వాత ఫ్రాన్స్, బెల్జియం, లక్సెంబర్గ్, అమెరికా...

అమెరికాలోని పెన్సిల్వేనియాలో వాళ్లు తీసినవి నాకు మరీ ఇష్టం. అక్కడ చిన్నచిన్న బొగ్గు గనులు కొన్ని ఉండేవి. పెద్ద కంపెనీలు వెళ్లిపోయాక మిగిలిన బొగ్గును నలుగురైదుగురు మనుషులు కలిసి తవ్వుకునేవాళ్లు. బొగ్గును పైకి లాగి లారీలోకి దించడానికి పాత కలప, చేతికందిన సామాన్లతో ఎవరికి వాళ్లు కట్టుకున్న అట్టలాంటి కట్టడాలవి. ఒకటి కుంటుతూ, ఇంకోటి వంగుతూ, మరోటి కర్రలతో పోటీ పెట్టుకుని... ఇంజినీరు గీసిన ప్లాను ఏదీ లేదు. అవసరమే ప్లాను. ఇప్పుడో ఇంకాసేపటికో పడిపోయేట్టున్న ఆ కర్రల గూళ్లను కూడా ఈ దంపతులు పెద్ద ఉక్కు కర్మాగారాన్ని తీసినంత శ్రద్ధగానే తీశారు. అదే తెల్లటి ఆకాశం, అదే ఎదురు చూపు.

ముక్కు వాళ్ల నాన్నది

ఇక ఆ తొమ్మిది ఫొటోల కిటుకు. విడిగా ఒక్క నీళ్ల ట్యాంకు ఫొటో చూస్తే ‘ఓహో ట్యాంకు’ అనుకుని పేజీ తిప్పేస్తాం. అలాంటివే తొమ్మిది పక్కపక్కన పెడితే..? కన్ను తనంతట తానే పోల్చడం మొదలుపెడుతుంది. దీని తల గుండ్రం, దానిది శంఖం ఆకారం. దీనికి మెట్లు బయట, దానికి లోపల. ఇది సన్నకాళ్ల మీద కొంగలా నిలబడింది, అది రాతి బురుజులా కూర్చుంది. పెళ్లిలో తీసిన గ్రూపు ఫొటో నాయనమ్మ చేతికిస్తే ఏం చేస్తుంది? ‘వీడి ముక్కు వాళ్ల నాన్నది, నుదురు మేనమామది’ అని వరస చెబుతుంది. ఈ ఫొటోల ముందు మనమంతా నాయనమ్మలమైపోతాం!

ఎందుకంటే ఆ పోలికలకూ తేడాలకూ కారణం ఉంది. నీళ్ల ట్యాంకు ఎత్తుగా ఎందుకుంటుంది? నీళ్లు పైనుంచి దిగితేనే కొళాయిల్లో ఒత్తిడి ఉంటుంది కాబట్టి. గని మీది టవరు పైన చక్రాలెందుకు? మన బావి మీద గిలక లాంటివే అవి. తాడు బదులు ఉక్కు కేబులు, బిందె బదులు మనుషుల్నీ బొగ్గునీ మోసే బోను. కూలింగ్ టవరు నడుము దగ్గర సన్నబడి పైన మళ్లీ విచ్చుకుంటుంది. ఆ వంపు వల్లే అంత పెద్ద గోడను పల్చగా కట్టినా గాలికి తట్టుకుంటుంది. లోపలి వేడిగాలి ఏ ఫ్యానూ లేకుండా పైకి లేస్తుంది, కిందనుంచి చల్లగాలి లోపలికి వస్తుంది. గ్యాస్ ట్యాంకుల్లో కొన్నిటికి చుట్టూ ఇనుప చట్రం ఉంటుంది. గ్యాస్ నిండేకొద్దీ ట్యాంకు పైకి లేస్తుంది, వాడేకొద్దీ దిగుతుంది.

వీటన్నిట్లోకీ బ్లాస్ట్ ఫర్నేస్ రాణి. పైనుంచి ఇనుప ఖనిజం, కోక్, సున్నపురాయి పోస్తారు. కిందనుంచి మండే గాలి ఊదుతారు. అడుగున కరిగిన ఇనుము ప్రవహిస్తుంది. దానికి ముఖభాగం అంటూ ఉండదు. గొట్టాలు, మెలికలు, నిచ్చెనలు... లోపలి పేగులన్నీ బయటేసుకున్నట్టుంటుంది. విశాఖ ఉక్కు కర్మాగారంలోని మూడు ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్నాం. నదుల పేర్లూ అన్నం పెట్టే తల్లి పేరూ ఊరికే పెడతామా? దాని దగ్గర పనిచేసేవాళ్లకి అది ఒట్టి యంత్రం కాదు.

రంగులెందుకు వద్దన్నారో కూడా ఇక్కడే అర్థమవుతుంది. ఒక ట్యాంకుకు నీలం, ఇంకోదానికి ఎరుపు, మూడోదాని వెనక పచ్చటి పొలం ఉంటే కన్ను రంగుల వెంట పరుగెడుతుంది. నలుపు తెలుపుల్లో రంగు తేడా తగ్గిపోయి ఆకారం మాత్రం మిగులుతుంది. పెన్సిల్వేనియా కర్రల గూడూ, రూర్ లోయలోని ఉక్కు టవరూ ఒకే పంక్తిలో కూర్చుంటాయి. ప్రపంచమంతా రంగుల్లోకి మారిపోయినా ఈ ఇద్దరూ చివరిదాకా ఆ పంక్తి మార్చలేదు.

మనుషులేరి?

ఈ ఫొటోల పుస్తకాన్ని మా ఆఫీసులో ఓ సీనియర్ ఫొటోగ్రాఫర్‌కి చూపించాను. పాతికేళ్ల సర్వీసు ఆయనది. పేజీలు నిదానంగా తిప్పాడు. ‘లైటింగ్ అద్భుతం’ అన్నాడు. ఇంకో నాలుగు పేజీలు తిప్పి, ‘మనుషులేరమ్మా?’ అన్నాడు. ‘మనిషి లేకుండా ఫ్యాక్టరీ ఫొటో తెస్తే డెస్కు వాళ్లు నా మొహాన కొడతారు. కనీసం ఓ వాచ్‌మన్నైనా నిలబెట్టి తీస్తాం’.

ఆయన నవ్వుతూ అన్నా అది చిన్న ప్రశ్న కాదు. ఈ దంపతుల మీద విమర్శకులూ అదే అన్నారు. గనుల్లో దగ్గి దగ్గి చనిపోయినవాళ్లున్నారు. కొలిమి ముందు ఒళ్లు కాల్చుకున్నవాళ్లున్నారు. ఉద్యోగాలు పోయి రోడ్డున పడ్డవాళ్లున్నారు. వాళ్లందరినీ వదిలేసి ఖాళీ టవర్లను అందంగా చూపించడం న్యాయమేనా?

నేను ఆ పుస్తకాన్ని ఇంటికి తీసుకెళ్లి ఆ ప్రశ్నతోనే మళ్లీ చూశాను. గని టవరు పక్కన సన్నటి ఇనుప మెట్లున్నాయి. ఒక మనిషి మాత్రమే ఎక్కగలిగినంత సన్నవి. చెయ్యి పట్టుకోవడానికి గొట్టం ఉంది. అంతెత్తున చిన్న తలుపు, దాని ముందు ఒకరు నిలబడేంత అరుగు. కూలింగ్ టవరు అడుగున మనిషి ఎత్తు కిటికీ. పెన్సిల్వేనియా గూటికి ఎవరో సుత్తితో కొట్టిన అతుకు. మనిషి లేడు గానీ మనిషి కొలతలున్నాయి. కాళ్లు ఎక్కడ పెట్టాలో, చెయ్యి ఎక్కడ ఆనించాలో అన్నీ ఉన్నాయి. ఒక మనిషిని పక్కన నిలబెట్టి ఉంటే ఆ ఫొటో ఆ మనిషిదీ ఆ రోజుదీ అయ్యేది. ఎవర్నీ నిలబెట్టలేదు కాబట్టి ఆ మెట్ల మీద ఎక్కిదిగిన అందరిదీ అయింది... నాకలా అనిపించింది. మా ఫొటోగ్రాఫర్ మాత్రం ఇప్పటికీ ఒప్పుకోలేదు. ‘మెట్లు మాట్లాడతాయా?’ అంటాడు. ఆయన మాటలోనూ న్యాయముంది. కార్మికుడి కష్టం చెప్పడానికి ఈ ఫొటోలు సరిపోవు. అది వేరే ఫొటోగ్రాఫర్ల పని, వేరే పుస్తకాల పని.

కానీ వీళ్లకు మనుషుల జీవితం పట్టలేదని మాత్రం అనలేం. జీగెన్ చుట్టుపక్కల కార్మికులుండే చెక్క చట్రాల ఇళ్లను ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా తీశారు. కలపంతా ఇనుప కొలుములకే కావాలి కాబట్టి ఇళ్లకు వీలైనంత తక్కువ వాడాలని అక్కడ పాతరోజుల్లో నిబంధన ఉండేది. ఆ పొదుపులోంచే ఆ ఇళ్లకు ఆ గీతల అందం వచ్చింది. డార్ట్‌మండ్‌లో జోలెర్న్ అనే బొగ్గుగని ఉంది. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో కట్టిన దాని యంత్రశాల, రంగు అద్దాల ముఖద్వారంతో గుడిలా ఉంటుంది. గని మూతపడ్డాక దాన్ని కూల్చేయాలనుకున్నారు. కూల్చొద్దని గొంతెత్తినవాళ్లలో ఈ దంపతులూ ఉన్నారు. 1969లో దాన్ని రక్షిత కట్టడంగా ప్రకటించారు. ఇప్పుడది మ్యూజియం. జర్మనీలో ఫ్యాక్టరీని కూడా కోటలా, చర్చిలా కాపాడుకోవాలన్న ఆలోచనకు అది తొలి మెట్లలో ఒకటి.

శిల్పానికి బహుమతి

1970లో వాళ్ల మొదటి పుస్తకం వచ్చింది. పేరు ‘అనామక శిల్పాలు’. ఎవరు కట్టారో పేరు తెలియని, అందం కోసం కాకుండా పని కోసం కట్టిన వాటిని శిల్పాలన్నారు. మొదట్లో ఫొటోగ్రాఫర్ల కన్నా శిల్పులే వాళ్లని ముందు గుర్తించారు. అమెరికన్ శిల్పి కార్ల్ ఆంద్రే 1972లో వాళ్ల గురించి వ్యాసం రాశాడు. 1990లో వెనిస్ బినాలేలో వాళ్లకి గోల్డెన్ లయన్ బహుమతి వచ్చింది. ఏ విభాగంలోనో తెలుసా? శిల్పకళలో! ఉలి పట్టకుండా శిల్పానికి బహుమతి అందుకున్నారన్నమాట. 2002లో ఎరాస్మస్ బహుమతి, 2004లో హాసెల్‌బ్లాడ్ అవార్డు కూడా వచ్చాయి.

బెర్న్డ్ 1976 నుంచి 1996 దాకా డ్యూసెల్‌డార్ఫ్ కళా అకాడమీలో పాఠాలు చెప్పాడు. ఉద్యోగం ఆయన పేరిటే అయినా విద్యార్థులు హిల్లా దగ్గర నేర్చుకున్నదీ తక్కువేం కాదు. ఆండ్రియాస్ గుర్‌స్కీ, థామస్ స్ట్రుత్, కాండిడా హోఫర్, థామస్ రుఫ్... ఇవాళ ఫొటోగ్రఫీలో పెద్ద పేర్లు వాళ్ల శిష్యులవే. గుర్‌స్కీ తీసిన రైన్ నది ఫొటో ఒకటి 2011 వేలంలో 43 లక్షల డాలర్లకు పైగా పలికింది. రంగుల్లో, గోడంత పెద్దగా ఉంటుందది. గురువుల బాటలో శిష్యుడు నలుపు తెలుపుల్ని తీసుకోలేదు, ఓపికను తీసుకున్నాడు.

బెర్న్డ్ 2007లో, హిల్లా 2015లో చనిపోయారు. 2022లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం వాళ్ల ఫొటోలతో పెద్ద ప్రదర్శన పెట్టింది. ఈలోగా వాళ్లు తిరిగిన రూర్ లోయ చాలా మారిపోయింది. ఎస్సెన్‌లోని జోల్‌ఫెరైన్ బొగ్గుగని 1986లో ఆగిపోయి, 2001లో ప్రపంచ వారసత్వ సంపదగా యునెస్కో గుర్తింపు పొందింది. డూయిస్‌బర్గ్‌లో 1985లో చల్లారిన ఉక్కు కర్మాగారం ఇప్పుడు పార్కు. ఫర్నేసు మెట్ల మీద సెలవురోజున పిల్లలు ఎక్కుతుంటారు. 2018 డిసెంబరులో జర్మనీ తన చివరి నల్లబొగ్గు గనినీ మూసేసింది. అన్నీ మిగల్లేదు. ఫొటోల్లో ఉన్న టవర్లలో ఎన్నో నేలమట్టమయ్యాయి. వాటికి ఇప్పుడు ఉన్న చిరునామా ఆ నలుపు తెలుపు కాగితమే.

కూలేవి కాదమ్మా, నిలబడ్డవి

ఇప్పుడు మా పెదనాన్న సంగతి. ఆయన పాల్వంచలో కొత్తగూడెం థర్మల్ పవర్ స్టేషన్‌లో పనిచేసి రిటైరయ్యారు. చిన్నప్పుడు వేసవి సెలవులకు వెళ్తే బస్సు కిటికీలోంచి ముందుగా కనబడేవి కూలింగ్ టవర్లే. ‘టవర్లొచ్చాయి, చెప్పులేసుకోండి’ అనేది అమ్మ. ఊరి బోర్డు చదివే పని లేదు. పెదనాన్న డ్యూటీ నుంచి వచ్చి అరుగు మీద కూర్చుంటే ఆయన వెనకాల ఆవిరి మబ్బులా లేచేది. మాకది ఆకాశంలో ఓ భాగమే.

పాత యూనిట్లు కాలం చెల్లి మూతపడ్డాక 2024 ఆగస్టు 5న ఆ ఎనిమిది టవర్లనీ పేలుడు పదార్థాలతో కూల్చేశారు. కూల్చడాన్ని తప్పుపట్టలేం. పనికిరాని యూనిట్లను ఎంతకాలమని నిలబెడతారు? పెదనాన్నే అన్నారు... ‘వాటి పని అవి చేశాయి’ అని. ఆ రోజు ఎక్కడ చూసినా ఆ వీడియోలే. నడుము దగ్గర ఓ వణుకు, ఓ క్షణం ఆగినట్టుండి, చీర కుచ్చెళ్లు జారినట్టు కిందికి జారిపోవడం, తర్వాత దుమ్ము. మా బంధువుల వాట్సప్ గ్రూపులో ఒక్క పూటలో పదకొండు వీడియోలు వచ్చాయి.

నాలుగు రోజులయ్యాక పెదనాన్న ఫోన్ చేశారు. కుశలప్రశ్నలయ్యాక కాసేపు ఆగి అడిగారు. ‘అమ్మా, మీ పత్రికవాళ్ల దగ్గర మన టవర్ల ఫొటో మంచిదేమన్నా ఉంటే చూస్తావా? కూలేవి కాదమ్మా, నిలబడ్డవి.’

ఆయన ఇంట్లో ఆల్బమ్‌లు నాలుగున్నాయి. అన్నీ తిరగేశారట. అన్నయ్య పుట్టినరోజు ఫొటోలో మూలన సగం టవరు ఉంది. పెద్దక్క ఓణీ ఫంక్షన్ ఫొటోలో షామియానా మీదుగా ఓ అంచు కనబడుతోంది. రిటైర్మెంట్ రోజు దండ వేసి తీసిన ఫొటోలో వెనకాల పొగమంచులా ఏదో ఉంది. నిండుగా, నిటారుగా, టవరు టవరులా ఉన్నది ఒక్కటీ లేదు. ఎందుకుంటుంది? రోజూ ఉండేవే కదా అవి! రేపు కూడా ఉంటాయన్న నమ్మకం ఉన్నదాన్ని ఎవరు ఫొటో తీస్తారు?

మా ఆఫీసు ఫైళ్లలో వెతికితే రెండు మూడు దొరికాయి. ఒకదాంట్లో ముందు ధర్నా, వెనక టవర్లు. ఇంకోదాంట్లో మంత్రిగారి పర్యటన, వెనక టవర్లు. డెస్కు నియమం ప్రకారం అన్నింట్లోనూ మనుషులున్నారు! చివరికి మా సీనియర్ ఫొటోగ్రాఫరే తన పాత నెగెటివ్‌ల డబ్బాలోంచి ఒకటి తీశాడు. ఎప్పుడో అటువైపు వేరే పని మీద వెళ్లినప్పుడు, తెల్లవారుజామున, మబ్బు పట్టి ఉండగా టవర్లను మాత్రమే తీసింది. పేజీలో ఎప్పుడూ వాడలేదు. ‘ఎందుకు తీశారు?’ అని అడిగాను. ‘ఏమో, బాగున్నాయనిపించింది’ అన్నాడు. బెషర్ దంపతులు ఫ్యాక్టరీ గేట్ల ముందు నిలబడి చెప్పుకున్న జవాబు కూడా దాదాపు అంతే కదా.

దాన్ని పెద్దగా ప్రింటు వేయించి పంపాను. పెదనాన్న గోడకు తగిలించుకోలేదు. ముందు భూతద్దం తీసుకుని దగ్గరగా చూశారట. అడుగున ఒకచోట నల్లటి గీతలాంటిది కనబడితే పెద్దమ్మను పిలిచి, ‘ఇదిగో, ఈ నిచ్చెన ఎక్కేవాణ్ని నేను’ అని చూపించారట. మెట్లు మాట్లాడతాయా అన్న ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు ఇదొక్కటే.

బెషర్ దంపతుల దగ్గర ఉన్నంత ఓపిక మనకు ఉండకపోవచ్చు. అంత పెద్ద కెమెరా అక్కర్లేదు కూడా. జేబులో ఉన్న ఫోన్ చాలు. ఊరి చివర మూతపడ్డ రైస్‌మిల్లు గొట్టం, స్టేషన్ పక్కన పాత నీళ్ల ట్యాంకు, తాతగారు పనిచేసిన జిన్నింగ్ మిల్లు గేటు, బొగ్గుబాయి మీది చక్రాల టవరు... మీ ఊళ్లో ఏది ఉంటే అది. ఎండ పొద్దెక్కకముందు వెళ్లి, ఎదురుగా నిలబడి, పూర్తిగా ఫ్రేములో పట్టేలా ఒక్కటి తీసి, కింద ఊరి పేరూ సంవత్సరమూ రాసి పెట్టండి. వాళ్లు కూడా ఫొటోల కింద అంతకన్నా పెద్దగా ఏమీ రాయలేదు. కూల్చే రోజున తీయడానికి ఎలాగూ ఊరంతా వస్తుంది.